డీజిల్ ఇంజన్‌లో గాలి దారి



ఒక లీటరు డీజిల్ పూర్తిగా మండాలంటే సుమారు 12 కిలోల గాలి కావాలి. గాలిని కిలోల్లో చెబితే మనసుకు పట్టదు కాబట్టి లీటర్లలో చెబుతాను. దాదాపు 10,000 లీటర్లు. ఇది లెక్క ప్రకారం సరిపోయేంత మాత్రమే. డీజిల్ ఇంజన్ మామూలుగా అవసరానికి మించిన గాలితో నడుస్తుంది కనుక నిజంగా పీల్చేది ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. బంకు దగ్గర లీటరు ధర చూసుకుంటాం, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తోందో చూసుకుంటాం. ఆ లీటరుకు తోడుగా లోపలికి పోయే పదివేల లీటర్ల గాలి ఏ దారిన పోతోందో, ఆ దారి ఎంత మూసుకుపోయిందో చూసుకునేవాళ్ళు తక్కువ. ఈ పూట ఆ దారి గురించి, అందులో శుభ్రం చేయాల్సినవి ఏవో, మార్చాల్సినవి ఏవో మాట్లాడతాను.

ఏ మెకానిక్ షెడ్డులో కాసేపు కూర్చున్నా ఈ మాట వినిపిస్తుంది. "మేస్త్రీ గారూ, బండి లాగడం లేదండీ. ఘాట్ రోడ్డు ఎక్కాలంటే రెండో గేరుకి రావాల్సి వస్తోంది. వెనక నల్లగా పొగ వదులుతోంది." వినగానే అనుమానం ముందు డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల మీదికి, ఆ తర్వాత గాలిని లోపలికి తోసే టర్బో మీదికి పోతుంది. రెండూ ఖరీదైనవే. బాగుచేయించినా, మార్పించినా ఖర్చు వేలల్లో, ఒక్కోసారి పదుల వేలల్లో తేలుతుంది. నల్లపొగ వచ్చిందంటే లోపల పడిన డీజిల్ మొత్తం మండలేదని అర్థం. డీజిల్ ఎక్కువ పడి ఉండాలి, లేదా గాలి తక్కువ అంది ఉండాలి. ఈ రెండోదాన్ని ముందు చూడమని నా మనవి. గాలి దారిలో సగం వరకు చూడటానికి ఒక స్క్రూడ్రైవరు, ఒక టార్చిలైటు, కాస్త ఓపిక ఉంటే చాలు.

ఉదాహరణకు మనందరికీ తెలిసిన ఒక ఇంజన్ తీసుకుందాం. ఇటలీకి చెందిన ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల మల్టీజెట్. అసలు కొలత 1,248 సీసీ, నాలుగు సిలిండర్లు. మన దేశంలో 2007లో మారుతి స్విఫ్ట్ డీజిల్‌తో ఇంటింటికీ తెలిసింది. తర్వాత డిజైర్, రిట్జ్, ఎర్టిగా, టాటా విస్టా, మాంజా, ఫియట్ పుంటో, లీనియా, ఇలా ఎన్నో బళ్ళ బానెట్ల కింద ఇదే ఇంజన్ కూర్చుంది. టాక్సీగా తిరిగిన డిజైర్లు మన జిల్లా కేంద్రాల్లో ఎన్నో లెక్కలేదు. 2020 ఏప్రిల్ 1న వాహనాల కాలుష్యానికి సంబంధించిన బీఎస్ 6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాక మారుతి డీజిల్ కార్లు చేయడం మానేసింది. అంటే ఇప్పుడు రోడ్డు మీద కనిపించే ఆ బళ్ళన్నీ పాతబడుతున్నవే. వాటిని నమ్ముకుని బతుకుతున్న కుటుంబాలు మాత్రం ఇంకా చాలా ఉన్నాయి. ఈ ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతున్నప్పుడు, టర్బో సాయం లేదనుకున్నా, ఒక్క నిమిషంలో 1,200 లీటర్లకు పైగా గాలి లాగుతుంది. టర్బో తోస్తుంటే ఇంకా చాలా ఎక్కువ.

ఆ గాలి ఎక్కడిదో మనకు తెలుసు. తాండూరు నాపరాళ్ళ గనుల దారిలో, చీమకుర్తి గ్రానైట్ క్వారీల పక్కన, సింగరేణి బొగ్గు లారీలు తిరిగే రోడ్ల మీద, రాయలసీమ ఎర్రమట్టి బాటల్లో ఎటు చూసినా దుమ్మే. వరి కోతల రోజుల్లో అయితే రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు, పొట్టు ఎగురుతూ ఉంటుంది. దుమ్ములో ఉండే ఇసుక రేణువు మామూలు ఇనుము కంటే గట్టిది. పిస్టన్ రింగుకీ సిలిండర్ గోడకీ మధ్య ఉండే నూనె పొర మందం కొద్ది మైక్రాన్లు మాత్రమే. మన తల వెంట్రుక అంతకు ఎన్నో రెట్లు లావు. కంటికి ఆనని దుమ్ము ఆ పొరలోకి దిగితే రెండు వైపులా గీకుతుంది. అలా అరిగిన ఇంజన్ నూనె తాగడం మొదలుపెడుతుంది. ఒకసారి అరిగిందాన్ని ఏ శుభ్రతా వెనక్కి తేలేదు. అందుకే ఎయిర్ ఫిల్టర్‌తో మొదలుపెడతాను.

చాలా కార్లలో ఫిల్టర్ కాగితంతో చేసినదే. దాన్ని నీళ్ళతో కడగకూడదు. కిరోసిన్‌లో ముంచకూడదు. గాలి కొట్టి శుభ్రం చేయడం మన దగ్గర అలవాటు. పంక్చరు షాపులో టైర్లకు కొట్టే గాలిని నేరుగా ఫిల్టర్ మీద పెడతారు. అంత ఒత్తిడికి కాగితంలోని సన్నని రంధ్రాలు చిరిగి పెద్దవవుతాయి. ఫిల్టర్ చూడటానికి తెల్లగా, కొత్తదానిలా ఉంటుంది. పని మాత్రం సగమే చేస్తుంది. తప్పనిసరై కొట్టాల్సి వస్తే ఒత్తిడి బాగా తగ్గించి, శుభ్రంగా ఉన్న లోపలి వైపు నుంచి దుమ్ము పట్టిన బయటి వైపుకి, కాస్త దూరం నుంచి కొట్టాలి. బయటి నుంచి లోపలికి కొడితే దుమ్మును మనమే కాగితంలోకి దిగగొట్టినట్టు. నన్నడిగితే ఒకటి రెండుసార్లకు మించి గాలి కొట్టకండి. కొత్త ఫిల్టర్ ధర కొన్ని వందల రూపాయలు. కంపెనీ పుస్తకంలో మార్చమని రాసిన దూరం మామూలు రోడ్లకు వేసిన లెక్క. దుమ్ము దారుల్లో తిరిగే బండికి అందులో సగం దూరానికే మార్చడం మంచిది.

ఫిల్టర్ తీసినప్పుడు దాని పెట్టెను కూడా చూడాలి. అడుగున ఇసుక, ఆకులు, చచ్చిన పురుగులు ఉంటాయి. కొన్నాళ్ళు కదలకుండా నిలబెట్టిన బండి అయితే ఎలుక గూడు కట్టి, ఫిల్టర్ కాగితాన్నే కొరికి పరుపు చేసుకుని ఉండవచ్చు. పల్లెల్లో ఇది మామూలే. తడిగుడ్డతో పెట్టె తుడిచి, ఫిల్టర్ చుట్టూ ఉన్న రబ్బరు అంచు గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చూసి మూత పెట్టాలి. ఇంకో చిన్న పరీక్ష ఉంది. ఫిల్టర్ దాటిన తర్వాత టర్బో వైపు పోయే పైపు లోపల వేలు పెట్టి తుడవండి. వేలికి పొడి దుమ్ము అంటితే ఎక్కడో సందు ఉంది. ఫిల్టర్ కొత్తదైనా ప్రయోజనం లేదు. ఆ సందు కనుక్కునే వరకు బండి బయటికి తీయకూడదు. టర్బోలో గాలిని తోసే చక్రం నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో ఇసుక తగిలితే దాని రెక్కల అంచులు కొరికినట్టు అరిగిపోతాయి.

ఆ పెట్టె పక్కనే చాలా బళ్ళలో లోపలికి పోయే గాలి బరువును కొలిచే సెన్సర్ ఉంటుంది. లోపల సన్నని వేడి పొర ఉంటుంది, దాన్ని గాలి ఎంత చల్లబరిచిందో చూసి ఎంత గాలి పోయిందో కంప్యూటర్ లెక్క కడుతుంది. వేలితో ముట్టుకోకూడదు, గుడ్డతో తుడవకూడదు, గాలి కొట్టకూడదు. దానికోసమే అమ్మే స్ప్రే ఒకటి ఉంది. అదొక్కటే వాడి, పూర్తిగా ఆరనిచ్చి బిగించాలి.

టర్బో నుంచి, అది తోసిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కీ, అక్కడి నుంచి ఇంజన్‌కీ పోయే రబ్బరు హోసులు వేడికి, నూనెకి మెత్తబడి పగులుతాయి. పగులు టర్బోకి ముందు ఉంటే దుమ్ము లోపలికి పోతుంది. టర్బో తర్వాత ఉంటే తోసిన గాలి బయటికి పోతుంది. సెన్సర్ మాత్రం గాలి మొత్తం లోపలికే పోయిందనుకుని దానికి తగ్గ డీజిల్ వేయిస్తుంది. ఫలితం నల్లపొగ, పికప్ లేకపోవడం, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఈల వేసినట్టు చప్పుడు. క్లిప్పుల దగ్గర నూనె చెమ్మ, దాని మీద దుమ్ము పేరుకుని కనిపిస్తే అక్కడే అనుమానించాలి. పగిలిన హోసుకి టేపు చుట్టడం, సైకిలు ట్యూబు ముక్క కట్టడం పక్క ఊరి షెడ్డు దాకా చేరుకోవడానికే. అక్కడ కొత్తది వేయించాలి. ఇంటర్‌కూలర్ లోపల పల్చటి నూనె పొర ఉండటం తప్పు కాదు. వంచితే ధారగా నూనె కారిందంటే మాత్రం టర్బో సీళ్ళనో, ఇంజన్‌లోని నూనె ఆవిరిని ఈ దారిలోకి తెచ్చే బ్రీదర్ పైపునో చూడాల్సిందే.

ఇప్పుడు అసలు మురికి దగ్గరికి వద్దాం. ఇంతవరకు చెప్పింది బయటి నుంచి వచ్చే దుమ్ము. ఇక చెప్పబోయేది ఇంజన్ తనలో తాను తయారుచేసుకునే మురికి.

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. లోపలికి పోయిన గాలిని పదహారు, పదిహేడు రెట్లు నొక్కేసరికి అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి చిమ్మిన డీజిల్ దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో 1897లో విజయవంతంగా నడిపి చూపించిన ఇంజన్‌లో సూత్రం ఇదే, ఈనాటి కారులోనూ ఇదే. ఆ మంట బాగా వేడెక్కినచోట గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు అవుతాయి. ఊపిరితిత్తులకు హాని చేసే వాయువులవి. వాటిని తగ్గించడానికి పెట్టిందే ఈజీఆర్. ఇంజన్ వదిలిన పొగలో కొంత భాగాన్ని మళ్ళీ లోపలికి పంపుతారు. అందులో ఆక్సిజన్ తక్కువ, మండని వాయువులు ఎక్కువ కాబట్టి మంట వేడి తగ్గుతుంది. వేడి తగ్గితే ఆ ఆక్సైడ్లు తక్కువ పుడతాయి. ఎంత పొగ ఎప్పుడు పంపాలో చూసే తలుపే ఈజీఆర్ వాల్వ్.

ఆ పొగలో మసి ఉంటుంది. మరోవైపు ఇంజన్ అడుగుభాగంలో లేచే నూనె ఆవిరి బ్రీదర్ పైపు ద్వారా ఇదే గాలి దారిలోకి వస్తుంది. మసి ఒక్కటే అయితే పొడిగా చాలావరకు ఎగిరిపోయేది. నూనె ఒక్కటే అయితే జిడ్డుగా ఉండిపోయేది. రెండూ కలిసేసరికి కట్టెల పొయ్యి వంటింట్లో పాత దూలాలకు పట్టిన జిడ్డుమసిలా గోడలకు అతుక్కుంటుంది. దాని మీద మళ్ళీ మసి, మళ్ళీ నూనె. గాలిని నాలుగు సిలిండర్లకు పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఈ పొర ఏళ్ళ తరబడి పెరిగి, దారి సగానికి, ఒక్కోసారి సగానికంటే తక్కువకు కుంచించుకుపోతుంది. విప్పి చూపించేదాకా బండి యజమాని నమ్మడు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల చేతులు తిరిగిన మేస్త్రీలకు ఇది కొత్త కాదు. నాలుగు దారుల్లో ఒకటి ఎక్కువగా, ఇంకొకటి తక్కువగా పూడటం కూడా వాళ్ళు చూసే ఉంటారు. అలాంటప్పుడు అన్ని సిలిండర్లకూ సమానంగా గాలి అందక ఇంజన్ ఐడిల్‌లోనే వణుకుతుంది.

ఏ బళ్ళలో ఇది త్వరగా పూడుతుందో కూడా తెలుసుకోవాలి. ఈజీఆర్ బాగా తెరుచుకునేది ఇంజన్ మీద బరువు లేనప్పుడు, అంటే ఐడిల్‌లో, ట్రాఫిక్‌లో నెమ్మదిగా పాకుతున్నప్పుడు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు అది మూసుకుంటుంది. కాబట్టి రోజూ హైదరాబాద్ విజయవాడ హైవే మీద పరిగెత్తే బండి కంటే, అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడే బండికే మురికి ఎక్కువ. పిల్లల్ని బడి దగ్గర దించి, కూరగాయలు తెచ్చి, ఇంజన్ వేడెక్కకముందే ఇంటికి చేరే బండి పరిస్థితి ఇంకా కష్టం.

"ఒకసారి హైవే మీద బాగా లాగించండి, మసంతా కాలిపోతుంది" అని చెబుతుంటారు. సైలెన్సర్ వైపు ఉండే వేడిలో అది కొంత నిజం. బీఎస్ 6 బళ్ళలో ఉండే మసి ఫిల్టర్‌కి అలాంటి పరుగు అవసరం కూడా. గాలి దారిలో మాత్రం అంత వేడి ఉండదు, ఇంటర్‌కూలర్ చల్లబరిచిన గాలి పోయే చోటు అది. అక్కడ పేరుకున్నది కాలిపోదు. హైవే పరుగు కొత్త పొరను ఆలస్యం చేస్తుంది, పాత పొరను తీయదు.

డీజిల్ టాంకులో పోసే సీసా మందుల సంగతీ అంతే. డీజిల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది, మానిఫోల్డ్ గుండా పోదు. టాంకులో పోసింది ఎంత మంచి మందైనా ఆ మురికిని తాకే దారే లేదు. ఇంజెక్టర్లకు ఉపయోగం ఉంటే ఉండవచ్చు. ఇక ఇంజన్ నడుస్తుండగా గాలి దారిలోకి స్ప్రే కొట్టడాన్ని నేను గట్టిగా వద్దంటాను. పెచ్చులు ఊడి ఒక్కసారిగా లోపలికి పోవచ్చు. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. డీజిల్ ఇంజన్‌కి మండేది ఏదైనా గాలితో పాటు అందితే చాలు, అది డీజిలే కానక్కర్లేదు. స్ప్రే కానీ, ఇంటర్‌కూలర్ కడిగినప్పుడు అందులో మిగిలిన కిరోసిన్ కానీ, టర్బో సీలు పోయి కారుతున్న నూనె కానీ ఎక్కువగా అందితే ఇంజన్ దానితోనే నడుస్తుంది. వేగం పెరుగుతూ పోతుంది. తాళం తీసేసినా ఆగదు, ఎందుకంటే తాళం ఆపేది డీజిల్‌ని. అలాంటప్పుడు మాన్యువల్ గేరు బండి అయితే బ్రేకు పూర్తిగా తొక్కిపట్టి, పై గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజన్‌ని ఆగిపోయేలా చేయాలి. అది కుదరకపోతే గాలి పోయే నోటిని చెక్కతో మూయాలి. చేత్తో ఎప్పుడూ మూయకూడదు. ఇంజన్ అప్పటికే కేకలు పెడుతుంటే దగ్గరికి పోకుండా దూరంగా జరగడమే ప్రాణానికి క్షేమం. ఈ విషయం డీజిల్ బండి నడిపే ప్రతి డ్రైవరుకూ తెలిసి ఉండాలి.

కాబట్టి దారి ఒక్కటే. విప్పాలి, బయట పెట్టి కడగాలి, ఆరబెట్టాలి, కొత్త గాస్కెట్‌తో బిగించాలి. పూట నుంచి రోజంతా పట్టే పని.

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ తీగ తీయాలి. ఏ పైపు ఎక్కడిదో, ఏ ప్లగ్గు ఎక్కడిదో విప్పకముందే ఫోనులో ఫొటోలు తీసుకోవాలి. ఇంజెక్టర్లకు పోయే ఇనుప గొట్టాల్లో నడుస్తున్నప్పుడు వెయ్యి బార్లకు మించిన ఒత్తిడి ఉంటుంది. ఇంజన్ తిరుగుతుండగా వాటి నట్టు వదులు చేస్తే సన్నటి డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం సూది గుచ్చినంతే కనిపిస్తుంది, కానీ అది వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిన గాయం. మానిఫోల్డ్ తీయడానికి ఆ గొట్టాలు అడ్డొచ్చే బళ్ళు ఉన్నాయి. వాటికి ఆ పని తెలిసిన చేతులే కావాలి.

ముందు ఈజీఆర్ వాల్వ్ తీస్తారు. మసి పట్టి తెరుచుకునే ఉండిపోతే బండికి కింది గేర్లలో బలం ఉండదు, నల్లపొగ వస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. దీన్ని నూనెలో ముంచి ఉంచకూడదు. ఒక చివర చిన్న మోటారు, తీగలు ఉంటాయి. ఆ చివర పైకి ఉండేలా పట్టుకుని, పొగ పోయే భాగం మీద మాత్రమే కార్బురేటర్ క్లీనర్ కొట్టి, మెత్తని బ్రష్షుతో రుద్దాలి. కదలడం లేదని స్క్రూడ్రైవర్‌తో ఎత్తి కదిలిస్తే లోపలి సన్నని ప్లాస్టిక్ గేరు పళ్ళు విరుగుతాయి. శుభ్రం చేశాక కూడా బిగుసుకుపోతూ ఉంటే, తలుపు సీటు మీద సరిగ్గా కూర్చోకపోతే దాని ఆయుష్షు అయిపోయినట్టే. కొత్తది వేయించండి. ఈజీఆర్‌కి కూలర్ ఉన్న బళ్ళలో, బయట ఎక్కడా కారకుండానే రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతున్నాయంటే ఆ కూలర్ లోపల పగిలిందేమో చూడాలి. పగిలిన కూలర్‌ని అతికించి వాడటం మంచిది కాదు.

తర్వాత మానిఫోల్డ్. అది వదిలి రాగానే ఇంజన్ హెడ్డుకున్న రంధ్రాలు తెరుచుకుంటాయి. ఈ పనిలో అన్నిటికంటే జాగ్రత్త పడాల్సిన చోటు ఇది. ఒక చిన్న నట్టు, ఒక గట్టి మసి పెచ్చు తెరిచి ఉన్న వాల్వ్ గుండా సిలిండర్‌లో పడితే శుభ్రం చేయబోయి ఇంజన్‌ని పాడుచేసుకున్నట్టు. వెంటనే శుభ్రమైన గుడ్డలు కుక్కాలి. ఎన్ని గుడ్డలు పెట్టారో కాగితం మీద రాసిపెట్టుకోవాలి, బిగించేముందు అన్నీ బయటికి వచ్చాయని లెక్క చూసుకోవాలి. హెడ్డు రంధ్రాల్లో మసి గీకాలంటే ఇంజన్‌ని చేత్తో తిప్పి, ఆ సిలిండర్ వాల్వులు మూసుకున్నాకే గీకాలి, పక్కనే వాక్యూమ్ పెట్టి రాలినదాన్ని లాగేయాలి. విదేశాల్లో కొన్ని వర్క్‌షాపులు అక్రోటు పెంకుల పొడిని గాలితో చిమ్మి ఈ పని చేస్తాయి. పెంకు లోహం కంటే మెత్తన కాబట్టి మసిని కొడుతుంది, వాల్వ్‌ని గీకదు.

విడిగా తీసిన మానిఫోల్డ్‌ని అల్యూమినియంతో చేశారో, ప్లాస్టిక్‌తో చేశారో చూసుకోవాలి. దాని మీదున్న సెన్సర్లు తీసేయాలి. రాత్రంతా డీజిల్‌లోనో, గ్రీజు కోసే ద్రావకంలోనో నానబెట్టి, చెక్క పుల్లతో, ప్లాస్టిక్ పుల్లతో, సీసాల బ్రష్షుతో గీకాలి. కాస్టిక్ సోడా మాత్రం వాడకండి. మసి త్వరగా వదులుతుందని కొందరు చెబుతారు. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, ఆ తినేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది, అది మండుతుంది. ప్లాస్టిక్ మానిఫోల్డ్‌ని మంట పెట్టి వేడి చేయకూడదు. చివరికి సబ్బు నీళ్ళతో కడిగి, గాలి కొట్టి, ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. లోపల చెమ్మ గానీ డీజిల్ వాసన గానీ ఉంటే ఇంకా ఆరలేదనే లెక్క.

కొన్ని ఇంజన్ల మానిఫోల్డ్‌లో గాలి సుడి తిప్పడానికి చిన్న చిన్న రేకు తలుపులు ఉంటాయి. వాటి ఇరుసు వదులై ఊగుతుంటే కడగడం దండగ. మానిఫోల్డ్ మొత్తం మార్చాలి. ఒకప్పటి కొన్ని బీఎండబ్ల్యూ డీజిల్ ఇంజన్లలో ఇలాంటి రేకులు విరిగి సిలిండర్లలో పడి ఇంజన్లే దెబ్బతిన్న సంగతి ఆ బళ్ళు బాగుచేసే ప్రపంచమంతటికీ తెలుసు.

బిగించేటప్పుడు పాత గాస్కెట్ బాగానే ఉంది కదా అని మళ్ళీ వేయకూడదు. గాస్కెట్‌కి తోడు సిలికాన్ పేస్టు దట్టంగా పూయడం మన షెడ్లలో ఉన్న అలవాటు. లోపలికి పిండుకొచ్చిన ఆ పేస్టు ముక్కలు తెగి గాలితో కొట్టుకుపోతాయి. బోల్టులు మధ్య నుంచి మొదలుపెట్టి చివర్లకు, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన కొలతకే బిగించాలి. హెడ్డు అల్యూమినియం. బలం చూపిస్తే మర తిరిగిపోతుంది, ఆ తర్వాత ఖర్చు ఇంకో దారిలో మొదలవుతుంది. టర్బో ఒత్తిడిని కొలిచే సెన్సర్ రంధ్రం మసితో మూసుకుపోయి ఉంటే దాన్నీ స్ప్రేతో మెల్లగా శుభ్రం చేయాలి. అన్నీ బిగించాక స్కానర్ పెట్టి పాత తప్పులు చెరిపి, అవసరమైన బళ్ళలో ఈజీఆర్ తలుపు ఎక్కడ మూసుకుంటుందో, ఎక్కడ తెరుచుకుంటుందో కంప్యూటర్‌కి మళ్ళీ నేర్పించాలి. ఈ చివరి మెట్టు వదిలేసి, శుభ్రం చేసినా బండి మారలేదనుకునేవాళ్ళు ఉన్నారు.

మురికి మళ్ళీ త్వరగా చేరకుండా ఉండాలంటే నూనె సంగతి చూడాలి. కంపెనీ చెప్పిన రకం ఇంజన్ ఆయిల్ వాడండి. కొలపుల్ల మీద పై గీత దాటి పోయించకండి. ఎక్కువైన నూనె ఆవిరై బ్రీదర్ గుండా ఈ దారిలోకే వస్తుంది. బ్రీదర్ దగ్గర నూనెను వేరుచేసే భాగం మూసుకుపోయి ఉంటే దాన్ని కూడా ఇదే పనిలో మార్పించండి.

ఇంత శ్రమ ఎందుకు, ఈజీఆర్‌కి ఒక రేకు ముక్క అడ్డుపెట్టి మూసేస్తే పోలేదా అని అడిగేవాళ్ళున్నారు. చాలా షెడ్లలో ఆ పని చేసి పెడతారు కూడా. అలా మూస్తే మసి చేరడం తగ్గుతుంది, పికప్ కూడా కాస్త మెరుగ్గా అనిపిస్తుంది, అది నిజమే. నేను దాన్ని ఒప్పుకోను. మన పొల్యూషన్ పరీక్షలో డీజిల్ బండికి పొగ ఎంత నల్లగా ఉందో కొలుస్తారే గాని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. కాబట్టి ఈజీఆర్ మూసిన బండి కూడా ఆ పరీక్షలో నెగ్గుతుంది. కంటికి కనపడని విషవాయువు మాత్రం ఎక్కువవుతుంది. 2015 సెప్టెంబరులో పరీక్షలో మాత్రమే నెగ్గేలా డీజిల్ కార్లు చేసిన ఫోక్స్‌వాగన్ కంపెనీ మోసాన్ని అమెరికా పర్యావరణ సంస్థ బయటపెట్టినప్పుడు, పరీక్ష గది దాటి రోడ్డెక్కిన ఆ కార్లు ఇవే ఆక్సైడ్లను అనుమతించిన దానికంటే 40 రెట్ల దాకా వదులుతున్నాయని చెప్పింది. ఒక రేకు ముక్కతో ఆ తప్పునే మన వీధిలో మనం చేస్తున్నాం. ఆ పొగ పీల్చేది మన వెనక స్కూటర్ మీద వచ్చేవాళ్ళు, సిగ్నల్ దగ్గర పూలమ్మేవాళ్ళు, రోడ్డు పక్క బడిలో పిల్లలు. కడగగలిగిన దాన్ని మూసేయడం న్యాయం కాదు.

ఆ మసి మీద చేతులు పెట్టే మనిషి గురించి కూడా చెప్పాలి. డీజిల్ పొగ మనుషుల్లో కాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. మానిఫోల్డ్‌లో గీకి తీసేది ఆ పొగ మిగిల్చిన మసినే. మన షెడ్లలో చిన్న కుర్రాళ్ళు ఒట్టి చేతులతో, నోటికి గుడ్డ కూడా లేకుండా, అదే చేత్తో టీ గ్లాసు పట్టుకుని ఈ పని చేస్తుంటారు. రబ్బరు గ్లవ్స్, మాస్కు, కళ్ళద్దాలు, అన్నీ కలిపినా ఒక ఎయిర్ ఫిల్టర్ ఖరీదుకు మించవు. గీకిన మసినీ, కడిగిన డీజిల్‌నీ మురుగు కాలువలో పోయకుండా డబ్బాలో పట్టి, పాత ఇంజన్ ఆయిల్ కొనేవాళ్ళకు దానితో పాటు ఇచ్చేయాలి.

ఈ మాటలు వింటున్న బండి యజమానులకు నాదొక విన్నపం. ఈ పని చేయించేటప్పుడు విప్పిన మానిఫోల్డ్‌ని మీకు చూపించమని అడగండి, కడిగాక మళ్ళీ చూడండి, తీసిన పాత గాస్కెట్లు మీ చేతికి ఇమ్మనండి. బిల్లులో సామాను ధర తక్కువగా, కూలి ఎక్కువగా కనిపిస్తుంది. పని స్వభావమే అంత, రోజంతా ఒక మనిషి వంగి చేసిన పని అది. ఆ కూలి దగ్గర బేరమాడకండి. పని చేసే కుర్రాడికి గ్లవ్స్, మాస్కు లేకపోతే ఆ డబ్బు కూడా మీరే ఇచ్చి తెప్పించండి.